ముందుగా కలం పట్టినవాడు

మనస్పర్థలు వచ్చిన ఇద్దరిలో ముందుగా ఎవరు పలకరించాలి? కుటుంబాల్లోనూ సంఘాల్లోనూ ఏళ్ల తరబడి జవాబు లేకుండా ఉండిపోయే ప్రశ్న ఇది. అమెరికా రెండవ అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ జీవితాన్ని ఈ వారం ఆ ప్రశ్నతోనే చూద్దాం.

ఆడమ్స్ 1735లో మసాచుసెట్స్‌లోని బ్రెయిన్‌ట్రీలో జన్మించారు. తండ్రి రైతు, స్థానిక సంఘంలో డీకన్. కొడుకు దైవసేవకుడు కావాలని ఆయన ఆశించారు. ఆడమ్స్ మాత్రం హార్వర్డ్‌లో చదివి, కొంతకాలం బడిపంతులుగా పనిచేసి, న్యాయవాది అయ్యారు. 1764లో పాస్టరుగారి అమ్మాయి అబిగెయిల్‌ను వివాహమాడారు. దేశపనుల మీద ఆయన ఇంటికి దూరంగా గడిపిన రోజులే ఎక్కువ. అందుకే ఆ దంపతుల మధ్య 1,100కు పైగా ఉత్తరాలు నడిచాయి.

1776లో స్వాతంత్ర్య ప్రకటన రాయడానికి ఐదుగురితో కమిటీ వేశారు. అందులో ఆడమ్స్, వర్జీనియాకు చెందిన థామస్ జెఫర్సన్ ఉన్నారు. చిత్తుప్రతి రాసింది జెఫర్సన్, సభలో దాని పక్షాన గట్టిగా వాదించింది ఆడమ్స్. తరువాత ఒకరు లండన్‌లో, మరొకరు పారిస్‌లో దేశ ప్రతినిధులుగా ఉన్నప్పుడు ఆ రెండు కుటుంబాలు ఎంతో దగ్గరయ్యాయి. 1787లో జెఫర్సన్ చిన్న కూతురు పాలీ ఓడ దిగి లండన్ చేరినప్పుడు అక్కున చేర్చుకున్నది అబిగెయిలే.

ఆ స్నేహాన్ని రాజకీయం విరిచింది. ఇద్దరూ వేర్వేరు పక్షాల్లో చేరారు. ఆడమ్స్ అధ్యక్షుడిగా 1798లో ప్రభుత్వాన్ని విమర్శించే రాతలను శిక్షించే చట్టంపై సంతకం చేశారు. ఉపాధ్యక్షుడైన జెఫర్సన్, ఆడమ్స్‌ను దుమ్మెత్తిపోసే ఒక పత్రికా రచయితకు డబ్బిచ్చారు. 1800 ఎన్నికల్లో ఆడమ్స్ ఓడిపోయారు. 1801 మార్చి 4న జెఫర్సన్ ప్రమాణస్వీకారానికి ఉండకుండా, తెల్లవారకముందే రాజధాని విడిచి వెళ్లిపోయారు. ఆ తరువాత వారిద్దరూ మళ్లీ ముఖాముఖి కలుసుకోలేదు.

1804లో పాలీ చనిపోయిందని తెలిసి, అబిగెయిల్ భర్తకు చెప్పకుండానే జెఫర్సన్‌కు పరామర్శ ఉత్తరం రాశారు. కొన్ని ఉత్తరాలు అటూ ఇటూ నడిచాయి. అయితే ఎవరు ఎవరికి అన్యాయం చేశారన్న లెక్క మొదలయ్యేసరికి పాత గాయాలు రేగి, అవి ఆగిపోయాయి.

అప్పుడు మధ్యలో నిలబడినవాడు ఫిలడెల్ఫియా వైద్యుడు డాక్టర్ బెంజమిన్ రష్. స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసిన భక్తిపరుడు, ఇద్దరికీ మిత్రుడు. వారిద్దరూ మళ్లీ ఉత్తరాలు రాసుకుంటున్నట్లు కల వచ్చిందని 1809లో ఆడమ్స్‌కు రాశారు. ఆడమ్స్ ఆ కలను మెచ్చుకున్నారే గాని కలం పట్టలేదు. రష్ విసిగిపోలేదు. ఆడమ్స్‌ను గూర్చి జెఫర్సన్ రాసిన మంచిమాటలను ఆడమ్స్‌కు చేరవేశారు.

1812 జనవరి 1న ఆడమ్స్ ఉత్తరం రాశారు. అందులో సంజాయిషీ లేదు, నింద లేదు. ఇంట నేసిన సరుకు రెండు ముక్కలు పంపుతున్నానని చమత్కరించారు. అవి నిజానికి తన కుమారుడు జాన్ క్విన్సీ ఉపన్యాసాల రెండు సంపుటాలు. పుస్తకాలకంటే ఉత్తరం ముందు చేరింది. జెఫర్సన్ అవి బట్టలే అనుకొని, వర్జీనియా ఇళ్లలో సాగే నేతపని గురించి వివరంగా జవాబు రాశారు! పదకొండేళ్ల మౌనం అలా తొలగింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో రష్ కన్నుమూశారు.

పద్నాలుగేళ్లలో 158 ఉత్తరాలు నడిచాయి. వాటిలో 109 ఆడమ్స్‌వే. జవాబుకు జవాబు అని ఆయన లెక్క పెట్టుకోలేదు. 1818లో అబిగెయిల్ మరణించినప్పుడు, తానూ భార్యను పోగొట్టుకున్న జెఫర్సన్ ఓదార్చారు. 1823లో, జెఫర్సన్‌ను దూషిస్తూ ఆడమ్స్ ఎప్పుడో ఒక బంధువుకు రాసిన ఉత్తరాలను ఎవరో అచ్చువేశారు. వాటిని తాను పట్టించుకోనని జెఫర్సన్ వెంటనే రాశారు. ఆ ఉత్తరాన్ని ఆడమ్స్ ఉదయం భోజనాల బల్ల దగ్గర అందరికీ చదివించి వినిపించారు.

వీరిని మన విశ్వాసానికి మాదిరిగా చూపడం మా ఉద్దేశం కాదు. త్రిత్వ సిద్ధాంతాన్ని ఇద్దరూ ఒప్పుకోలేదు. మరో లోటు కూడా ఉంది. జెఫర్సన్ జీవితకాలంలో ఆరు వందలమందికి పైగా మనుషులను బానిసలుగా ఉంచుకున్నారు. ఆడమ్స్ ఒక్కరినీ ఉంచుకోలేదు. అయినా ఆ అన్యాయం గురించి మిత్రుణ్ణి గట్టిగా నిలదీయలేదు. సమాధానం కోసం సత్యాన్ని దాటవేయడం మనకు తగదు.

1826 జులై 4న, స్వాతంత్ర్య ప్రకటనకు సరిగ్గా యాభై ఏళ్లు నిండిన రోజున, మధ్యాహ్నం జెఫర్సన్, సాయంత్రం ఆడమ్స్ కన్నుమూశారు. ఆడమ్స్‌కు అప్పుడు 90 ఏళ్లు.

ప్రియ పాఠకులారా, సహోదరునితో సమాధానపడి తరువాత అర్పణ చెల్లించమని ప్రభువు కొండమీద బోధించిన సంగతి మనకు తెలుసు. ఎలా మొదలుపెట్టాలో తెలియకనే చాలామందిమి ఆగిపోతున్నాం. పాత తగవుతో మొదలుపెట్టనక్కరలేదు. క్షేమం అడగవచ్చు, పిల్లల సంగతి చెప్పవచ్చు. మాటలు లేని ఇద్దరు మనకు తెలిసినవారైతే, రష్‌లా ఒకరి మంచిమాటను మరొకరికి మోసుకెళ్లవచ్చు. ఆడమ్స్ రాసేనాటికి ఆయన వయసు 76. మనం అంతవరకు ఆగడమెందుకు?