ఉద్యోగం పోయింది.. గిటార్‌ పుట్టింది!

చదివింది అకౌంటింగ్‌. ఇష్టమైన పని రేడియోల రిపేరు. 1909లో అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టిన లియో ఫెండర్‌ ఎనిమిదేళ్లకే ఎడమ కన్ను పోగొట్టుకున్నాడు. కాలేజీ అయ్యాక అకౌంటెంట్‌గా చేరితే, ఆర్థిక మాంద్యం దెబ్బకు ఆ కొలువు పోయింది. మరోచోట చేరితే అదీ ఊడింది. దాంతో 1938లో 600 డాలర్లు అప్పు చేసి ఫుల్లర్టన్‌లో రేడియో షాపు పెట్టేశాడు.

అక్కడికి కళాకారులు తమ గిటార్లు, యాంప్లిఫయర్లు పట్టుకొచ్చేవారు. ఏ పార్టు ఎక్కడ మొరాయిస్తోందో లియోకి అలా తెలిసింది. అప్పటి గిటార్లలో నెక్‌ను బాడీకి జిగురుతో అతికించేవారు. పాడైతే బాగుచేయడం పెద్ద పని. 1950లో లియో తెచ్చిన ఎలక్ట్రిక్‌ గిటార్‌లో బాడీ గట్టి చెక్క, నెక్‌కు నాలుగు స్క్రూలు. విప్పి కొత్తది బిగిస్తే సరి! తయారీ తేలిక, ఖర్చూ తక్కువ. అదే తర్వాత టెలికాస్టర్‌ అయింది. 1954లో స్ట్రాటోకాస్టర్‌ వచ్చింది. విశేషమేంటంటే లియోకి గిటార్‌ వాయించడం రాదు. వాయించేవాళ్లను అడిగి, వాళ్లు చెప్పిన లోపాలు సరిచేసేవాడు.

1965లో కంపెనీని సీబీఎస్‌ 1.3 కోట్ల డాలర్లకు కొంది. ఆ తర్వాతా 1991లో కన్నుమూసేదాకా లియో గిటార్ల పని వదల్లేదు. ఇవాళ కుర్రాళ్లు తక్కువ ధర గిటార్‌ కొని, నెక్‌, పికప్‌లు మార్చి నచ్చినట్టు తయారుచేసుకుంటున్నారంటే చాలావరకు ఆ డిజైన్‌ పుణ్యమే.

డిగ్రీతో సంబంధం లేదని మీకొచ్చిన పనిని పక్కన పెట్టకండి. రెజ్యూమెలో దానికీ ఓ లైను ఇవ్వండి.