గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు

సంఘసంచికలలో మనవారి పదవులను, బిరుదములను ముందుగా పేర్కొనుట వాడుక. రామమూర్తి పంతులుగారికి బిరుదములకు కొదువ లేదు. అయినను, వారెవరియొద్ద శిష్యులై కూర్చుండిరో ఆ సంగతియే నాకు ముఖ్యముగా తోచుచున్నది.

పంతులుగారు 1863 సంవత్సరము ఆగస్టు 29వ తేదీన, శ్రీముఖలింగ క్షేత్రసమీపమునందలి పర్వతాలపేటలో జన్మించిరి. బాల్యముననే పితృవియోగము కలిగెను. విజయనగరమున గురజాడ అప్పారావుగారి సహాధ్యాయులై చదివి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి. సంసారభారమును వహించుచునే పట్టపరీక్షయందు ఉత్తీర్ణులైరి.

ఆ యూరి చుట్టునున్న కొండలలో సవరలు నివసింతురు. వారి భాషకు అప్పటికి లిపి లేదు. నేర్చుకొనుటకు పుస్తకము లేదు. పంతులుగారు తెలుగు తెలిసిన యొక సవరను తమ యింటనే యుంచుకొని, అతనినే గురువుగా నెంచి, ఒక్కొక్క మాటయే వ్రాసికొనిరి. నాటి బ్రాహ్మణగృహముల యాచారమెఱిగినవారికి ఇది యెంతటి సాహసమో వేఱుగ చెప్పనక్కఱలేదు. పిమ్మట సవరబాలురకు పుస్తకములు రచించి, సొంత ధనము వెచ్చించి బడులు పెట్టిరి. కుమారులు సీతాపతిగారు ఈ కృషిలో తండ్రికి చేదోడైరి. కొండలలో తిరుగుటచే చలిజ్వరము పట్టెను; క్వినైను మితిమీరి సేవింపవలసివచ్చి వినికిడి చెడెను. ధ్వనులను పరిశీలించువానికి చెవియే సాధనము. ఆ చెవిని ఆ భాషకొఱకే ధారపోసిరి.

మా దమ్మపేట అడవిసీమలోను కోయపల్లెలు కలవు. ఇంట నొక మాట, బడిలో వేఱొక మాట విని, మొదటి తరగతిలో మౌనముగ కూర్చుండు బాలుని చూచినవారికి, పంతులుగారు వాచకము వ్రాయుటకు ముందు భాషనేల నేర్చిరో తెలియును.

1911లో ఉద్యోగవిరమణము చేసిరి. ఆ వయస్సున అరుగుమీద విశ్రమించువారే యెక్కువ. వీరి పోరాటము నిజముగ అప్పుడే యారంభమయ్యెను. పాఠశాలలలో బాలురు పలుకు తెలుగునే వ్రాయనీయవలెనని వీరి వాదము. జయంతి రామయ్య పంతులుగారు మొదలగు ఉద్దండులు ఎదిరించిరి. ఇరువాగులను మనవారే యుండుట విశేషము! పంతులుగారు కోపముతోగాక ప్రమాణములతో వాదించిరి. ప్రాచీనుల వచనమునుండియే ప్రయోగములు వెదకి తీసి, పండితుల యెదుట నుంచిరి. 1919లో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషాప్రవర్తక సమాజము ఏర్పడగా, వీరేశలింగము పంతులుగారు అధ్యక్షులు, వీరు కార్యదర్శులు నైరి. ఆ యేటనే 'తెలుగు' అను పత్రికను స్థాపించిరి. ఈ వ్యాసపు భాష వారికి రుచింపదు; ఏమి చేయుదును, సంస్కృతపాఠశాలలో మలచిన కలము!

సవరకృషియు విడువలేదు. 1931లో సవరభాషా వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువడెను. అప్పటికి వారికి డెబ్బదియైదేండ్లు. ఈ నడుమ 1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రమున చేరగా, అర్ధశతాబ్దికి మించి కాపురమున్న యూరిని విడిచి రాజమహేంద్రవరము చేరిరి.

1940 జనవరి నడుమ, చెన్నపురి 'ప్రజామిత్ర' కార్యాలయమున పత్రికాసంపాదకులను సమావేశపఱచి, జీవద్భాషనే వాడుడని మఱియొకమాఱు వేడిరి. ఆ నెల 22వ తేదీన దివంగతులైరి.