థామస్ ఆర్నల్డు: పాఠశాలలో మతబోధ

ఇంగ్లండునకు జేరిన వైటు ద్వీపమున 1795లో జన్మించి, ఆక్స్‌ఫర్డులో విద్యనభ్యసించిన థామస్ ఆర్నల్డు 1828లో రగ్బీ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడయ్యెను. అప్పటి పెద్ద పాఠశాలలలో ప్రార్థనలు నియమముగ జరుగుచుండినను బాలుర నడవడి మిక్కిలి చెడియుండెను. గంట కొట్టగానే తెఱచి, మరల గంట కొట్టగానే మూయు పుస్తకము మతము కాదని ఆయన యెఱుంగును.

1831 నుండి తానే పాఠశాల ప్రార్థనామందిరమున ధర్మోపదేశకుడై, బాలుర నిత్యజీవనమందలి దోషములను గూర్చియే సులభమైన మాటలతో బోధించెను. చిన్నవారి నడవడిని కనిపెట్టు భారమును పై తరగతివారికి నప్పగించెను. ఆయన బాలుర మాటను నమ్మెడివాడు. కావుననే ఆయనతో బొంకుట సిగ్గుచేటని వారు తలంచిరి.

అన్ని మతములవారిని జేర్చుకొను లండను విశ్వవిద్యాలయమున క్రైస్తవగ్రంథ పరీక్ష పట్టభద్రులకెల్ల విధిగా నుండవలెనని ఆయన వాదించి, అది నెరవేరమి 1838లో పాలకసభను విడిచెను. ఇచట మే మాయనతో నేకీభవింపజాలము. పరీక్ష జ్ఞాపకశక్తిని గొలుచునుగాని భక్తిని గొలువజాలదు. పరమతస్థునకు విధించినచో నది నిర్బంధమే యగును.

1842 జూన్ 12వ తేదీన, నలువదియేడవ జన్మదినమునకు ముందునాడు, ఆయన హృద్రోగముచే మృతినొంది ఆ ప్రార్థనామందిరముననే సమాధి చేయబడెను. బిడ్డలకు మతబోధ గోరు పెద్దలు పాఠ్యగ్రంథమునకు ముందు గురువు నడవడిని విచారింతురుగాక.