యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 - 1948) ప్రసిద్ధ జీవరసాయన శాస్త్రవేత్త. రక్త కాన్సరుపై పనిచేసిన తొలి మందుల్లో కొన్ని ఆయన నాయకత్వం వహించిన పరిశోధక బృందం నుండి వెలువడ్డాయి.

బాల్యం, విద్య

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. మెట్రిక్యులేషనులో మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణుడయ్యాడు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యాడు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది. స్ప్రూ అనే పేగుల వ్యాధితో సోదరుడు మరణించడం ఆయనను వైద్య పరిశోధన వైపు నడిపించింది.

పరిశోధనలు

అమెరికా వెళ్ళి హార్వర్డు విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేశాడు. రక్తంలో భాస్వరాన్ని కొలిచే వీరి పద్ధతి 1925లో వెలువడింది. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏటీపీని 1929లో వీరు ప్రకటించారు. ఏటీపీని అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా వేరుగా కనుగొన్నాడు.

1940లో సుబ్బారావు లెడర్లీ సంస్థలో చేరాడు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. సోదరుని బలిగొన్న స్ప్రూ చికిత్సలో అది ఉపయోగపడింది. బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్ కూడా ఆయన హయాంలోనే వెలువడింది.

కాన్సరు మందులు

విభజన చెందే కణాలకు ఫోలిక్ ఆమ్లం అవసరం. దానిని పోలి ఉండి, దాని పనిని అడ్డుకునే అమినాప్టెరిన్, మెథోట్రెక్సేటులను లెడర్లీ బృందం తయారు చేసింది. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ అమినాప్టెరిన్‌ను రక్త కాన్సరు సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో వ్యాధి తగ్గింది. 1948లో ప్రకటించిన ఈ ఫలితం తాత్కాలికమే అయినా, పిల్లల్లో ఆ వ్యాధిని మందుతో అదుపు చేయవచ్చని తొలిసారి నిరూపించింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు అమెరికాలో మరణించాడు. ఆయన స్వదేశానికి తిరిగి రాలేదు.

తరువాతి పరిణామాలు

కాన్సరు కణాలు ఒక్క మందుకు లొంగకుండా పోతున్నందున వైద్యులు పలు మందులను కలిపి వాడసాగారు. పిల్లల రక్త కాన్సరు చికిత్సలో మెథోట్రెక్సేటు నేటికీ భాగమే. కాన్సరు టీకాల పరిశోధనలోనూ ఇటువంటి సమస్యే ఉన్నది. శరీర రక్షణకు తోడ్పడే టీ కణాలు ఒకే ప్రోటీనును గుర్తించగలిగితే, దానిని కోల్పోయిన కాన్సరు కణాలు తప్పించుకోగలవు. కనుక పలు లక్ష్యాలను ఒకేసారి గుర్తించేలా టీ కణాలకు శిక్షణ ఇచ్చే టీకాలను పరీక్షిస్తున్నారు.

సుబ్బారావు శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.