చివర్లో ఆ ఈల

ఓటిస్ రెడ్డింగ్ పాడిన 'సిట్టిన్ ఆన్ ద డాక్ ఆఫ్ ద బే'ని చాలామంది రిలాక్స్ అవడానికి వింటారు. నాకైతే అది అంత హాయైన పాట అనిపించదు. ఒక్కసారి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఇంకే పనీ చెయ్యకుండా వినండి.

ఓటిస్ 1941లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, డాసన్ అనే చిన్న ఊళ్ళో ఓ నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. పెరిగింది మేకన్‌లో. డబ్బుల్లేక చదువు మధ్యలోనే ఆగిపోయింది. 1962లో ఒక గిటారిస్టుకి కారు తోలుకుంటూ మెంఫిస్‌లోని స్టాక్స్ స్టూడియోకి వచ్చాడు. (అది ఒకప్పటి సినిమా హాలు. నేల అలాగే ఏటవాలుగా ఉండేదట!) ఆ సెషన్ చివర్లో కాస్త టైం మిగిలితే పాడే ఛాన్స్ దొరికింది. అలా డ్రైవర్ కాస్తా సింగర్ అయ్యాడు.

స్టేజీ మీద ఓటిస్ అంటే అరుపులు, చెమటలు. 'రెస్పెక్ట్' కూడా మొదట ఇతను రాసి పాడిందే, తర్వాత అరీతా ఫ్రాంక్లిన్ దాన్ని తన సొంతం చేసుకుంది. 1967 వేసవిలో శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన సాసలిటోలో, నీళ్ళ మీదుండే ఒక పడవ ఇంట్లో ఈ పాట మొదలుపెట్టాడు. తర్వాత గొంతుకి ఆపరేషన్ అయింది.

ఇప్పుడు పాట వినండి. ఇందులో అరుపుల్లేవు. జార్జియాలో ఇల్లొదిలి వచ్చినవాడు, ఇక్కడా ఏదీ కలిసిరాక, వచ్చీపోయే ఓడల్ని చూస్తూ కూర్చున్నాడు. పదిమంది చెప్పినట్టల్లా తను చెయ్యలేనని చెప్పే చోట మాత్రం గొంతు కాస్త లేస్తుంది. వెంటనే మళ్ళీ దిగిపోతుంది. నాకు ఆ దిగడమే ఎక్కువ బాధ అనిపిస్తుంది.

1967 డిసెంబరు 10న, రికార్డింగ్ ముగిసిన మూడు రోజులకి, ఓటిస్ ఎక్కిన చిన్న విమానం విస్కాన్సిన్‌లో మొనోనా సరస్సులో కూలింది. అతనికి 26 ఏళ్ళు. అతనితో పాటు పోయినవాళ్ళలో బార్-కేస్ బ్యాండు కుర్రాళ్ళు నలుగురు, దాదాపు మన ఫస్టియర్, సెకండియర్ వయసువాళ్ళు. బెన్ కాలీ ఒక్కడే బతికాడు.

ఆ దుఃఖంలోనే గిటారిస్టు స్టీవ్ క్రాపర్ కూర్చుని పాట మిక్సింగ్ పూర్తి చేశాడు. మొదట్లో వినిపించే అలలు, సముద్రపు పక్షుల అరుపులు అతను కలిపినవే. 1968లో పాట అమెరికాలో నంబర్ వన్ అయింది.

చివర్లో మాటలుండవు, ఓటిస్ ఈల వేస్తాడు. అది పూర్తికాకుండానే వాల్యూం మెల్లగా తగ్గిపోతుంది.