డ్రిల్లు మాస్టారు కోడి రామ్మూర్తి

కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు వినగానే అందరికీ ఏనుగు గుర్తొస్తుంది. ఆయన వెల్లకిలా పడుకుంటే గుండెల మీద ఏనుగును ఎక్కించేవారు. హాస్టల్లో పై క్లాసు అన్నలు మాకు చెప్పిన కథల్లోనూ ఆ ఏనుగే ఉండేది. అంతకు ముందు ఆయన ఏం చేసేవారో ఎవరూ చెప్పలేదు. అందుకే ఈ సంచికకు ఆ తొలిరోజుల గురించి రాద్దామనుకున్నాం.

ఆయన 1882లో వీరఘట్టంలో పుట్టారు. ఆ ఊరు మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. తండ్రి వెంకన్న నాయుడు గారు. తల్లి చిన్నతనంలోనే చనిపోయారు. విజయనగరంలో పోలీసు ఉద్యోగం చేస్తున్న పినతండ్రి నారాయణస్వామి గారింటికి తండ్రి ఆయన్ని పంపించారు. ఇల్లు వదిలి కొత్త ఊళ్లో పెరగడం ఎలా ఉంటుందో మన హాస్టల్ పిల్లలకు చెప్పక్కర్లేదు. మొదటి వారం దుప్పటి ముసుగులో ఏడ్చినవాళ్లం మనలో ఎంతమందిమో!

రామ్మూర్తి గారికి చదువు మీద కంటే వ్యాయామం మీదే మనసు. విజయనగరంలో వ్యాయామశాలలో చేరారు. ఒక సాధువు మంత్రం ఉపదేశించారని కూడా చెప్పుకుంటారు. మాకైతే మంత్రం కంటే దండీలు, బస్కీల మీదే నమ్మకం.

తర్వాత మద్రాసు వెళ్లి సైదాపేట కళాశాలలో ఏడాది పాటు వ్యాయామ శిక్షణ పొంది, సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. తాను చదివిన విజయనగరం హైస్కూల్లోనే డ్రిల్లు మాస్టారుగా చేరారు. పుస్తకాల మీద మనసు నిలవని కుర్రాడు అదే బడికి మాస్టారుగా తిరిగి రావడం మాకు ఏనుగు కథ కంటే గొప్పగా అనిపించింది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆగినా తప్పులేదు.

ఆయన ఆగలేదు. ఇరవై ఒక్క ఏళ్లకే ఒకటిన్నర టన్నుల బరువును గుండెల మీద మోశారని, తర్వాత అది మూడు టన్నులకు పెరిగిందని చెబుతారు. ఊపిరి బిగబట్టి ఒంటికి చుట్టిన ఇనుప గొలుసు తెంచేవారు. అదంతా ప్రాణాయామ సాధన. ఇలాంటి ప్రదర్శనల్లో ఛాతీ మీద చెక్క పరుస్తారు. బరువు ఒక్కచోట పడకుండా పరుచుకుంటుంది, మన సైన్సు పుస్తకంలోని పీడనం పాఠమే. అయినా ఆ పక్కటెముకలు తట్టుకోవాలి కదా! ఇంత చేసినా ఆయన శాకాహారి. అలాగని మెస్సులో గుడ్డు మానేయమని మేం ఎవరికీ చెప్పడం లేదు.

పొట్టి పంతులు గారి సాయంతో విజయనగరంలో సర్కస్ కంపెనీ పెట్టారు. బడి మైదానం పోయి డేరా వచ్చింది. ఆ సర్కస్ దేశమంతా తిరిగింది, ఆయన పేరు లండన్ దాకా పాకింది. కలియుగ భీముడన్నారు, ఇండియన్ హెర్క్యులస్ అన్నారు. సంపాదించినదాంట్లో దానాలకు పోయిందే ఎక్కువ. చివరికి ఆయన కాలు తీసేయాల్సి వచ్చింది. 1942 జనవరిలో కన్నుమూశారు.

శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. ఆటల పోటీలకు అక్కడికి వెళ్లి, ఓడి, గెలిచి వచ్చినవాళ్లం మాలో చాలామంది ఉన్నాం. ఆ పేరు ఒక డ్రిల్లు మాస్టారుదని అప్పటికి మాకు తెలియదు.