సర్వధర్మ సమదర్శి సర్వేపల్లి రాధాకృష్ణన్

ఏటా సెప్టెంబరు 5వ తేదీన ఉపాధ్యాయ దినోత్సవం జరుపుకొనే విద్యార్థులందరికీ సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరు సుపరిచితమే. తత్త్వవేత్తగా, రాష్ట్రపతిగా ఆయన కీర్తి జగద్విదితం. అయితే, భిన్న మతాలవారు కలసి చదువుకొనే విద్యాలయంలో ధర్మాన్ని ఎలా బోధించాలి అనే జటిలమైన ప్రశ్నకు ఆయన చేసిన సమాధానాన్వేషణ అంతగా ప్రచారంలోకి రాలేదు. ఆ అన్వేషణకు బీజం ఆయన విద్యార్థి దశలోనే పడింది.

రాధాకృష్ణన్ 1888లో తిరుత్తణిలో ఒక తెలుగు కుటుంబంలో జన్మించారు. తల్లి సీతమ్మ, తండ్రి వీరాస్వామి. నెల్లూరు సీమలోని సర్వేపల్లి గ్రామం వారి పూర్వికుల నివాసం. ఇంటిపేరు ఆ ఊరినిబట్టి వచ్చినదే. ఇల్లు సంప్రదాయానికి నెలవు. చదువు మాత్రం తిరుపతి, వేలూరు, మద్రాసు నగరాలలోని క్రైస్తవ మిషనరీ విద్యాలయాలలో సాగింది.

ఆ విద్యాలయాలు ఆయనకు క్రమశిక్షణను, బైబిలు పరిచయాన్ని, పాశ్చాత్య తర్కాన్ని ప్రసాదించాయి. అక్కడే ఆయన తాను పుట్టి పెరిగిన ధర్మంపై తీవ్రమైన విమర్శలనూ విన్నారు. వేదాంతంలో నీతికి తావు లేదన్న ఆక్షేపణ ఆ యువకుని మనస్సును కలచివేసింది. కాని ఆయన ఆ గాయాన్ని ద్వేషంగా మారనివ్వలేదు. విమర్శలో నిజమెంతో తేల్చుకోవడానికి మూలగ్రంథాలను శ్రద్ధతో అధ్యయనం చేశారు. ఎం.ఏ. పట్టం కోసం వేదాంతంలోని నీతిని గురించి సిద్ధాంత వ్యాసం రచించారు. అది 1908లో గ్రంథరూపం దాల్చింది. ఆ రచనను ప్రశంసించిన గురువు ఆచార్య హాగ్ స్వయంగా క్రైస్తవ మతతత్త్వవేత్త కావడం గమనార్హం. మనస్సు నొచ్చినచోటనే గుణగ్రహణం కూడా లభించింది.

తరువాత ఆయన మద్రాసు, మైసూరు, కలకత్తాలలో తత్త్వశాస్త్రాచార్యులుగా పనిచేశారు. 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షులుగా ఉన్నారు. 1936లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో ప్రాచ్య మతాల, నీతిశాస్త్రాల ఆచార్యపదవిని అలంకరించారు. వేదాంతానికి నీతి లేదన్న మాట విని బాధపడిన విద్యార్థి, ఆ రెండింటినీ ప్రపంచానికి బోధించే స్థానాన్ని అందుకొన్నారు.

స్వాతంత్ర్యం సిద్ధించింది, దేశవిభజన మత విద్వేషంతో నెత్తురోడింది. ఆ నేపథ్యంలో 1948లో భారత ప్రభుత్వం ఆయన అధ్యక్షతన విశ్వవిద్యాలయ విద్యాసంఘాన్ని నియమించింది. పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే విద్యాసంస్థలలో మతబోధ కూడదన్న నియమం రాజ్యాంగంలో 28వ అధికరణంగా రూపుదిద్దుకొంటున్న కాలమది. మతాన్ని బోధిస్తే ఏ విద్యార్థి మనస్సు నొచ్చుకొంటుందో! అసలే విడిచిపెడితే నీతికి, ఆత్మపరిశీలనకు చదువులో చోటెక్కడ? ఇదే ఆనాటి ధర్మసంకటం.

1949లో సమర్పించిన నివేదికలో ఆయన సంఘం మధ్యేమార్గాన్ని సూచించింది. లౌకికరాజ్యమంటే మతనిరసన కాదని, ఒక మతసిద్ధాంతాన్ని విద్యార్థులపై రుద్దడం విద్య కాదని స్పష్టం చేసింది. ప్రతిదినం కొన్ని నిమిషాల మౌనధ్యానంతో విద్యాలయం పని ప్రారంభించాలన్నది మొదటి సూచన. మౌనంలో ఎవరి దైవాన్ని వారు స్మరించుకోవచ్చు. దైవాన్ని నమ్మనివారు తమ అంతరంగాన్ని పరిశీలించుకోవచ్చు. డిగ్రీ మొదటి సంవత్సరంలో బుద్ధుడు, సోక్రటీసు, ఏసుక్రీస్తు, శంకరుడు, మహమ్మదు ప్రవక్త, కబీరు, నానకు, గాంధీజీ మొదలైన మహనీయుల చరిత్రలు చదివించాలన్నది. రెండవ సంవత్సరంలో ప్రపంచ మతగ్రంథాల నుండి సార్వజనీనమైన భాగాలను, మూడవ సంవత్సరంలో మతతత్త్వశాస్త్ర ప్రధాన సమస్యలను బోధించాలన్నది. తన బాల్యానుభవంలోని చేదును వడగట్టి, అందులోని మేలును మాత్రమే ఆయన భావితరాలకు పంచదలచారేమో అనిపిస్తుంది.

ఈ సూచనలన్నీ దేశమంతటా అమలుకు నోచుకోలేదు. అయినా ఆ ఆలోచన అంతరించలేదు. మతబోధ వేరు, మతాలను గురించిన అవగాహన వేరు అన్న వివేచనను 1966లో కొఠారీ సంఘం నివేదిక కూడా సమర్థించింది.

రాధాకృష్ణన్ 1952లో ఉపరాష్ట్రపతి, 1962లో రాష్ట్రపతి అయ్యారు. 1954లో భారతరత్న పురస్కారాన్ని అందుకొన్నారు. 1975 ఏప్రిల్ 17న దివంగతులయ్యారు. పదవులెన్ని వరించినా ఆయన ప్రధానంగా ఉపాధ్యాయుడే. తన ధర్మాన్ని లోతుగా తెలిసికొన్నవాడే పరధర్మాన్ని నిండుమనస్సుతో గౌరవించగలడని ఆయన జీవితం నిరూపిస్తున్నది. పక్కబల్లపై కూర్చున్న సహాధ్యాయి విశ్వాసాన్ని కించపరచకుండా తెలిసికోవడానికి చేసే ప్రయత్నమే ఆ మహనీయునికి విద్యార్థులు అర్పించగల నిజమైన గురుదక్షిణ.